క్వాడ్రిల్ అంటే ఎనిమిది మంది

కాస్ట్రీస్
6 ఫిబ్రవరి 1977

ఫిలొమెన్‌కి,

వదిన తనంతట తాను ఉత్తరం రాసిందంటే ఏదో పని పడి ఉంటుందని ఈపాటికి అనుకునే ఉంటావు. నిజమే, పని పడింది.

మా వీధి చివర సెవ్రిన్ మాస్టారని ఒక పెద్దాయన ఉన్నారు. బడి నుంచి దిగిపోయి ఏడేళ్ళయింది. బడిలో ఎవరైనా మన భాష మాట్లాడితే అరచేతులు వాచేలా బెత్తంతో కొట్టిన మనిషే, ఇప్పుడు అదే భాషలోని మాటలన్నీ ఏరి పుస్తకం చెయ్యాలని కూర్చున్నారు. నా చేతిరాత గుండ్రంగా ఉంటుందని వారానికి మూడు మధ్యాహ్నాలు నన్ను రమ్మన్నారు. ఒక్కో మాటకు ఒక్కో అట్టముక్క. దాని మీద అర్థం, మాట పుట్టిన చోటు, ఎవరైనా నోటితో అన్న ఒక వాక్యం రాయాలి.

ఈ వారం నా వంతుకు వచ్చిన మాట క్వాడ్రిల్. "నలుగురు మగవాళ్ళు, నలుగురు ఆడవాళ్ళు చదరంగా నాలుగు పక్కలా నిలబడి ఆడే ఆట" అని రాసి ఇచ్చాను. మాస్టారు కళ్ళజోడు నుదుటి మీదికి తోసి, "ఇంతవరకూ గుడ్డివాడికీ తెలుసు వెర్లీనా. ఈ మాట ఎక్కణ్ణుంచి బయల్దేరింది, దారిలో ఏమేం మోసుకొచ్చింది, అది చెప్పు" అన్నారు. తర్వాత తనే తన లావుపాటి పుస్తకాలు తీశారు. ఫ్రాన్సు వాళ్ళ కంటే ముందు ఆ మాట స్పెయిన్ వాళ్ళదట. అక్కడ దాని అర్థం ఆట కాదు, గుర్రపు రౌతుల చిన్న దండు. ఒకే రంగు బట్టలు కట్టుకుని, నాలుగు మూలలా నిలిచి, ఒకరి వెన్ను ఒకరు కాచుకునేవాళ్ళు. మూలంలో ఉన్నది నాలుగు అన్న లెక్కేనట. రౌతులు దొరసానుల చేతులు పట్టుకుని ఎప్పుడు ఎగరడం మొదలుపెట్టారో మాత్రం ఆయనకూ సరిగా తెలియదు.

మీ అన్నయ్య క్లోవిస్‌ను అడిగాను. ఆ ఆటలోనే మీసాలు మొలిచిన మనిషి కదా. "ఊళ్ళో ముసలివాళ్ళను అడుగు" అని కోకో టీ గ్లాసు పట్టుకుని వాకిట్లోకి వెళ్ళిపోయాడు. ఈమధ్య ఏం అడిగినా వాకిట్లోకే వెళ్తున్నాడులే.

కాబట్టి నిన్ను అడుగుతున్నాను. మీ మోర్న్ లెజార్‌లో ఆ మాటకు ఆట కాక ఇంకేమైనా అర్థాలున్నాయా? ముసలివాళ్ళు ఏమన్నారో అన్నది అన్నట్టే రాసి పంపు. నీ సొంత మసాలా కలపకు.

నీ వదిన
వెర్లీనా

*

మోర్న్ లెజార్
20 ఫిబ్రవరి

వదినా,

పట్నంలో మాటల్ని కూడా ఏరుకుంటున్నారన్నమాట! ఇక్కడ వర్షం ఆగక చేమదుంపలు మట్టిలోనే కుళ్ళుతున్నాయి, వాటిని ఏరడానికి మనుషుల్లేరు. నీ మాస్టారిని ఒకసారి పంపించు.

నీ పని చేశాను. ముందు మా ఎలొడీ ముసలమ్మ దగ్గరికి వెళ్ళాను. తొంభై దాటినా నాలుక మాత్రం పదహారేళ్ళది. "క్వాడ్రిల్ అనే మాట తెల్లవాళ్ళ దగ్గర్నుంచి వచ్చిందంట కదా అమ్మమ్మా" అన్నాను. మండిపడింది.

"వచ్చిందా? ఎవరే వచ్చిందన్నది? వాళ్ళు మేడ మీద గెంతుతుంటే మా అమ్మ కిటికీ కింద నిలబడి అడుగులు లెక్కపెట్టుకుంది. వాళ్ళు గెంతి గెంతి అలిసిపోయి వదిలేశారు. మేము తీసి దాచుకున్నాం. పారేసినోళ్ళదా సొత్తు, దాచుకున్నోళ్ళదా?"

ఇది నీ అట్టముక్క మీద పడుతుందో లేదో నాకు తెలియదు. ఎలొడీ ఇంకో మాట కూడా అంది. ఒక మనిషి ఒకరి చెయ్యి పట్టుకుని ఇంకొకరి కళ్ళలోకి చూస్తే "క్వాడ్రిల్ ఆడుతున్నాడు" అంటారట. అని పళ్ళు లేని నోటితో ఒకటే నవ్వు.

తర్వాత టిబర్స్ తాత. ముప్ఫై ఏళ్ళు ఫిడేలు వాయించిన మనిషి కదా, ఏదో గంభీరంగా చెబుతాడనుకున్నాను. చుట్ట వెలిగించుకుని, "క్వాడ్రిల్ అంటే ఆట కాదమ్మాయ్. క్వాడ్రిల్ అంటే ఎనిమిది మంది" అన్నాడు. అంతే. అంతకు మించి ఏమీ లేదు, రాయడానికి.

ఇంకా ఏమైనా కావాలంటే నువ్వే వచ్చి వినాలి. అయినా చూడ్డానికి ఏముంది? మా జట్టులోని ఓజియాస్ పోయిన దగ్గర్నుంచి ఈ ఊళ్ళో క్వాడ్రిల్ మాటే లేదు. పదహారు నెలలైంది. టిబర్స్ తాత ఫిడేలుకు బూజు పట్టింది. జట్టు చెదిరిపోయింది, ఎవరికీ కాలు ఆడటం లేదు.

అన్నయ్యను అడిగానని చెప్పు.

నీ ఆడపడుచు
ఫిలొమెన్

*

కాస్ట్రీస్
27 ఫిబ్రవరి

ఫిలొమెన్,

నీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను. చివరి పేరా తొమ్మిదిసార్లు.

పోయినేడాది జనవరి నుంచి మీ అన్నయ్య ప్రతి శనివారం తెల్లారగానే మొదటి చెక్క బస్సెక్కి మీ ఊరికి వస్తున్నాడు. ఆటబూట్లు పాలిష్ చేసి కాగితంలో చుట్టుకుని మరీ వస్తాడు. "కొత్త జట్టు కడుతున్నాం వెర్లీనా, సాధన చెయ్యాలి" అంటాడు. ఆదివారం తిరిగొచ్చేసరికి గోళ్ళ కింద ఎర్రమట్టి ఉంటుంది. రేవులో బస్తాలు మోసే మనిషి గోళ్ళ కింద ఎర్రమట్టి ఎలా వచ్చిందా అని నేను ఏనాడూ అడగలేదు. ఊళ్ళో దారులన్నీ మట్టేగా అనుకున్నాను.

ఈ ముక్క రాస్తున్న ఈ పూట కూడా ఆయన మీ ఊళ్ళోనే ఉన్నాడు. నువ్వేమో అక్కడ పదహారు నెలలుగా ఎవరికీ కాలు ఆడటం లేదంటున్నావు.

మాస్టారు మొన్న ఆ మాటకు ఇంకో అర్థం చూపించారు. పూర్వం క్వాడ్రిల్ అని ఒక పేకాట కూడా ఉండేదట. నలుగురు కూర్చుంటారు. ఆట మొదలుపెట్టినవాడు ఒక రాజు పేరు చెబుతాడు. ఆ రాజు ఎవరి చేతిలో ఉంటే వాళ్ళే అతని జోడీ. కానీ ఆ మనిషి నోరు మెదపకూడదు. రాజు ముక్క కింద పడేదాకా ఎవరు ఎవరి జోడీయో మిగతావాళ్ళకు తెలియదు. బల్ల చుట్టూ ఒకరి మొహాలు ఒకరు అనుమానంగా చూసుకుంటూ ఆడాలి.

ఇది రాసుకుంటూ అట్టముక్క మీద సిరా ఒలకబోశాను.

నీ అన్నయ్య చేతిలో ఉన్న ముక్క ఏమిటి ఫిలొమెన్? నువ్వు ఎవరి జోడీవి?

వెర్లీనా

*

మోర్న్ లెజార్
8 మార్చి

వదినా,

ఆడపడుచు అర్ధమొగుడని ఊరికే అనలేదు, మొగుణ్ణి అడగాల్సినవి నన్ను అడుగుతున్నావు!

నేను రాసింది మా ఊరి సంగతి. అన్నయ్య వాళ్ళు సాధన చేసేది గ్రాన్ రవీన్‌లో. కొండ అవతల. అక్కడ ఎవరో కొత్త ఫిడేలాయన ఉన్నాడట. మా ఊళ్ళో బస్సు దిగి అక్కడికి నడిచి వెళ్తాడు. దారంతా మట్టి. నీ గోళ్ళ సందేహం కూడా తీరిందనుకుంటాను.

ఇప్పుడు నా సందేహం తీర్చు. అసలు సెవ్రిన్ మాస్టారనే మనిషి ఉన్నాడా? పద్నాలుగేళ్ళలో నువ్వు నాకు రాసిన ఉత్తరాలు మూడు. ఒకటి మా అమ్మ పోయినప్పుడు. రెండు క్రిస్మస్‌కి. ఉన్నట్టుండి ఒక మాట మీద ఇంత ప్రేమ పుట్టి, "ఇంకో అర్థం ఉందా, ముసలివాళ్ళు ఏమన్నారు, అన్నది అన్నట్టే రాయి" అంటే నేనేమనుకోవాలి? గాలానికి ఎర గుచ్చినట్టు మాట గుచ్చి విసిరావు. నేను తింగరిదాన్ని, కొరికాను. నీకు కావలసింది క్వాడ్రిల్ అర్థం కాదు. మా అన్నయ్య మీద నిఘా.

ఎలొడీ ముసలమ్మ కూడా అడిగింది, "పట్నం కోడలు మాట కోసం రాసిందా, మనిషి కోసం రాసిందా?" అని.

ఫిలొమెన్

*

కాస్ట్రీస్
20 మార్చి

ఫిలొమెన్,

గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టుంది నీ ఉత్తరం.

మాస్టారు ఉన్నారు. ఆయన బొటనవేలి సిరా మరక ఈ కాగితం మూల కనిపిస్తోంది చూడు. మొదటి ఉత్తరం నేను మాట కోసమే రాశాను, దేవుడే సాక్షి. ఆ తర్వాతవి మనిషి కోసం. దాచను.

గ్రాన్ రవీన్ నుంచి ఒకామె ప్రతి శుక్రవారం సంతకు కర్రపెండలం రొట్టెలు తెస్తుంది. అడిగాను. "ఫిడేలా? మా ఊళ్ళో ఫిడేలు వాయించే ముసలాయన మంచం పట్టి రెండేళ్ళయిందమ్మా. కొత్తవాడెవడూ లేడు" అంది. ఊరికే పోకుండా, "ఎందుకమ్మా, మీ ఇంట్లో పెళ్ళా?" అని అడిగింది. సంత మధ్యలో నా మొహం ఎక్కడ పెట్టుకోను?

తర్వాత మీ అన్నయ్య బూట్లు విప్పి చూశాను. అడుగులు అద్దంలా ఉన్నాయి. ఏడాది నుంచి నేల తాకని బూట్లవి. కాగితంలో ఇక్కణ్ణుంచి అక్కడికి, అక్కణ్ణుంచి ఇక్కడికి తిరిగొస్తున్నాయి.

బస్సు డ్రైవరుని అడిగాను. చెప్పనన్నాడు. మగవాళ్ళంతా ఒకటే. డ్రైవరు పక్కన కూర్చునే పిన్ని ఉంది చూడు, కోళ్ళ బుట్టలతో వచ్చేది, ఆవిడ ఆగలేకపోయింది. "ఏముందమ్మా దాచడానికి? రోడ్డు మీద దిగుతాడు, ఏరు దాటుతాడు, తిన్నగా అన్సెల్మా ఇంటి దారి పడతాడు. కాళ్ళకు బూట్లుండవు, చేతిలో కత్తి ఉంటుంది. చీకటి పడేదాకా ఆ పెరట్లోనే" అంది.

అన్సెల్మా! నాకు తెలుసు ఫిలొమెన్. ఈ పేరు వస్తుందని నాకు మా పెళ్ళి రోజు నుంచీ తెలుసు. జట్టులో నా మొగుడి జోడీ ఆమె. పెళ్ళాన్ని నేను బల్ల మీద కూర్చుని చప్పట్లు కొట్టాలి, ఆమె అందరి ముందూ ఆయన చెయ్యి పట్టుకోవాలి. నాలుగో వరస అడుగులు వచ్చినప్పుడు ఆయన ఆమె నడుం మీద చెయ్యి వేసి తిప్పుతుంటే, "ఆటలో అంతే వదినా, ఎవరి మొగుడూ వాళ్ళకు జోడీ కాడు" అని నువ్వే నాకు చెప్పావు. ఆమె మొగుడు ఓజియాస్ నీ జోడీ. అతను బతికున్నంతకాలం నేను నోరు మూసుకున్నాను. ఇప్పుడు అతను లేడు. ఆవును విప్పుకు రావడానికి ఏట్లో దిగి కొట్టుకుపోయాడు. ఇంటికి మగదిక్కు లేదు. నా మొగుడు శనివారాలు అక్కడ దిక్కుగా ఉంటున్నాడు.

మీ ఊరంతా చూస్తోంది. నువ్వు వండి పెడుతున్నావు కూడానేమో.

ఆయన్ను ఎందుకు అడగలేదని నీకు అనుమానం రావచ్చు. అడిగితే చెప్పేస్తాడేమోనని భయం. ఈస్టరు దాకా చూస్తాను. ఆ తర్వాత ఆయన బట్టలు మూటగట్టి అదే బస్సులో పంపిస్తాను. కాగితంలో చుట్టిన బూట్లతో సహా.

వెర్లీనా

*

మోర్న్ లెజార్
27 మార్చి

వదినా,

కూర్చో. కూర్చునే చదువు.

అవును, వండి పెడుతున్నాను. ప్రతి శనివారం మధ్యాహ్నం ఉడికించిన అరటికాయలూ ఉప్పుచేపా తీసుకుని అన్సెల్మా పెరట్లోకి వెళ్తాను. ముగ్గురం చెట్టు కింద కూర్చుని తింటాం. ఆమె ఇద్దరు కూతుళ్ళూ మధ్యలో ఉంటారు. అన్నయ్య ఆమె ఇంటి గడప ఏ రోజూ దాటలేదు. నీళ్ళు కూడా బయటే తాగుతాడు. ఇది నేను అన్నయ్య కోసం చెప్పడం లేదు, ఆమె కోసం చెబుతున్నాను.

టిబర్స్ తాత మాటల్లో సగం నీకు రాయలేదు. మిగతా సగం ఇది.

"క్వాడ్రిల్ అంటే ఎనిమిది మంది. చదరానికి నాలుగు పక్కలుంటాయి, పక్కకి ఇద్దరు. ఒక్కరు తప్పితే చదరం నిలవదు. అందుకని తప్పినవాడి పక్కను మిగతా ఏడుగురూ మొయ్యాలి. వాడి గొయ్యి వాళ్ళే తవ్వాలి, వాడి మడి వాళ్ళే దున్నాలి, వాడి పిల్లలకు కడుపునిండా పెట్టాలి. చిన్న కూతురు ఎత్తు అమ్మ భుజం దాటేదాకా. ఆ తర్వాతే మళ్ళీ ఫిడేలు."

ఇది మా ఊరి కట్టు. పక్క ఊళ్ళలో ఉందో లేదో నాకు తెలియదు. మిగిలిన ఏడుగురిలో ముగ్గురు ఇంగ్లండు పోయారు. ఒకాయనకు మోకాళ్ళు పోయాయి. అన్సెల్మా కాక మిగిలింది నేనూ, నీ మొగుడూ. నాకు కత్తి పట్టి కొండ మీది పొదలు నరికే బలం లేదు.

మరి నీకెందుకు చెప్పలేదు? అదీ విను.

ఓజియాస్ ఆవు కోసం ఏట్లో దిగలేదు. వాళ్ళకసలు ఆవే లేదు. ఆవేళ అక్టోబరులో వచ్చే మార్గరీట్ పండగ తర్వాతి ఆదివారం, గుర్తుందా? సాయంత్రం నాలుగింటికి గుడి పక్క సావిట్లో ఆట. తెల్లబట్టలు కట్టుకుని ఏడుగురం నిలబడ్డాం. అన్నయ్య రాలేదు. బస్సు వచ్చే వేళ దాటిపోయింది. కొండల్లో రెండు రోజులుగా వాన, ఏరు ఉబ్బుతోంది. ఓజియాస్ నవ్వుతూ, "నా బావమరిది నీళ్ళు చూసి అవతలి గట్టున పిల్లిలా కూర్చుని ఉంటాడు. చెయ్యి పట్టుకుని దాటించుకొస్తా" అన్నాడు. వరసకు కాకపోయినా అన్నయ్యను బావమరిది అనే పిలిచేవాడు. నా చేతిలో కోటు పెట్టి వెళ్ళాడు.

అవతలి గట్టున ఎవరూ లేరు. నీకు ఆ పొద్దున కడుపునొప్పి వచ్చిందని, ఆసుపత్రికి తీసుకెళ్ళి అన్నయ్య అక్కడే ఉండిపోయాడని మాకు మర్నాడు తెలిసింది.

అంత్యక్రియలకు నువ్వు వస్తున్నావని తెలిసి అన్నయ్య ఊళ్ళో ఇంటింటికీ తిరిగి బతిమాలాడు. "దానికి తెలిస్తే తన కడుపునొప్పి వల్లే మనిషి పోయాడని కుంగిపోతుంది. ఆవు కోసం వెళ్ళాడని చెప్పండి" అన్నాడు. ఊరంతా కలిసి నీ ఒక్కదానికే చెప్పిన అబద్ధం అది. అన్సెల్మా కూడా చెప్పింది, శవం పక్కన కూర్చుని, నీ చెయ్యి పట్టుకుని. ఆ వారం గుడిలో మొగుడి కోసం వెలిగించిన కొవ్వొత్తి పక్కన నీ కడుపునొప్పి తగ్గాలని ఇంకొకటి వెలిగించింది.

ఇప్పుడు పంపించు మూట. మీ మాస్టారి అట్టముక్క మీద ఈ అర్థం కూడా రాయి, సిరా ఒలకబోసుకోకుండా.

ఫిలొమెన్

*

కాస్ట్రీస్
3 ఏప్రిల్, మట్టల ఆదివారం

ఫిలొమెన్,

రాశాను. "క్వాడ్రిల్, రెండో అర్థం, మోర్న్ లెజార్ ఊళ్ళో" అని రాసి, టిబర్స్ తాత అన్నది అన్నట్టే రాసి మాస్టారికి ఇచ్చాను. ఆయన దాన్ని రెండుసార్లు చదివారు. "గుర్రాలు పోయాయి, కత్తులు పోయాయి, ఒకరి వెన్ను ఒకరు కాచుకోవడం మాత్రం మీ కొండ మీద మిగిలిందన్నమాట. అది ఆ పాత దండేనని రుజువు చెయ్యలేను. కానీ నా మనసు అవునంటోంది" అన్నారు. ఆయన కళ్ళు తడిశాయి. "నీకెందుకమ్మా ఏడుపు?" అని నన్ను అడిగారు.

ఎందుకో నీకు చెబుతాను. ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు.

ఆవేళ నాకు కడుపునొప్పి లేదు.

ముందు రోజు సాయంత్రం ఆయన ఆటకోటు ఇస్త్రీ చేస్తూ ఈల వేస్తున్నాడు. నాలుగో వరస పాట అది. నాకు ఆ ఈల అన్సెల్మా నడుం మీద చెయ్యిలా వినిపించింది. తెల్లారి లేచి పొట్ట పట్టుకుని నేల మీద పడ్డాను. అరిచాను కూడా. ఇరుగుపొరుగు వచ్చారు. ఆసుపత్రిలో ఏదో పొడి కలిపి ఇచ్చారు, తాగాను. ఆయన ఇంటికి తీసుకొచ్చి నా పక్కనే కూర్చున్నాడు. గెలిచానని అనుకున్నాను ఫిలొమెన్. ఒక్క ఆదివారం గెలిచానని.

సోమవారం ఓజియాస్ వార్త వచ్చింది. ఆవు అన్నారు. అమ్మయ్య, ఆవు అనుకున్నాను. నమ్మాలనుకున్నాను కాబట్టే అంత గట్టిగా నమ్మాను. కానీ పోయినేడాదంతా ఆయన బూట్లు తుడుస్తుంటే చూసిన ప్రతిసారీ నాకు ఎందుకో ఊపిరాడేది కాదు. అది ఆయన మీద అనుమానం అనుకున్నాను. ఎవరి మీద అనుమానమో ఇప్పుడు తెలిసింది.

ఆయనకు చెప్పకు. అన్సెల్మాకు చెప్పకు. ఇలా అడగడం తప్పని తెలుసు. అయినా అడుగుతున్నాను.

వెర్లీనా

*

మోర్న్ లెజార్
12 ఏప్రిల్

వదినా,

నీ ఉత్తరం వచ్చాక నాలుగు రోజులు కలం ముట్టలేదు. ముట్టి ఉంటే ఏం రాసేదాన్నో ఆ దేవుడికే తెలియాలి. ఓజియాస్ నా జోడీ. పదకొండేళ్ళు ఆ చెయ్యి పట్టుకుని ఆడాను. అతని కోటు ఇంకా నా పెట్టెలోనే ఉంది.

పవిత్ర శనివారం అన్నయ్య వచ్చాడు. నువ్వు చెప్పొద్దన్నది నేను చెప్పలేదు. కానీ ఏటి ఒడ్డున కాళ్ళు కడుక్కుంటుంటే ఆగలేక అడిగాను. "ఆవేళ వదినకు నిజంగా అంత జబ్బు చేసిందా అన్నయ్యా?"

కాళ్ళు కడుక్కోవడం ఆపేశాడు. నీళ్ళలోకే చూస్తూ అన్నాడు. "ఎవరు చెప్పారే నీకు?"

"ఎవరూ చెప్పలేదు. అడుగుతున్నాను."

"డాక్టరు నన్ను పక్కకు పిలిచి, 'మీ ఆవిడకు ఏమీ లేదు. ఇంటికెళ్ళి ఏదైనా తినిపించు' అన్నాడు. అప్పటికి పొద్దున పది. బస్సు పదకొండున్నరకి. వెళ్ళొచ్చు."

"మరి?"

"వాన పడుతోంది. బస్సు కిటికీలకు గుడ్డలుండవు. బట్టలు తడిసి, ఏరు దాటి... ఒక్కసారి మానేస్తే ఏం పోయింది అనిపించింది. అది నన్ను ఉంచుకోవాలని నేల మీద పడి దొర్లింది చూడు, నాకు లోపల సంతోషమే వేసింది. ఉండిపోయాను. తప్పు దానిది కాదు ఫిలొమెన్, నాది. దానికి మాత్రం చెప్పకు. తన నాటకం నాకు తెలుసని తెలిస్తే నా మొహం చూడలేదు."

ఒకే కప్పు కింద, ఒకే రాయిని చెరో చివర పట్టుకుని మోస్తున్నారు మీరిద్దరూ. రెండో చివర ఎవరు పట్టుకున్నారో చూసుకోకుండా! మీ ఇద్దరిలో ఎవరికీ మాట ఇవ్వలేదు కాబట్టి రాసేశాను. ఇక మీరూ మీరూ చూసుకోండి.

కానీ అన్సెల్మా ఉంది. ఆమెకు ఇంకా నీ జబ్బే తెలుసు. నేను చెప్పను. చెప్పకుండా ఆమె మొహం చూడ్డం కూడా నా వల్ల కావడం లేదు. మంచిదైంది, మా పెద్దమ్మాయికి నొప్పులొచ్చే రోజులని వ్యూ ఫోర్ నుంచి కబురొచ్చింది. గురువారం బయల్దేరుతున్నాను. తాళంచెవి ఎలొడీ ముసలమ్మకు ఇచ్చి వెళ్తాను.

ఫిలొమెన్

*

మోర్న్ లెజార్, మీ ఇల్లు
23 ఏప్రిల్, శనివారం

ఫిలొమెన్,

నీ బల్ల మీద కూర్చుని నీకు రాస్తున్నాను. వ్యూ ఫోర్‌లో అందరూ క్షేమమని, మనవడో మనవరాలో నీ ఒళ్ళోకి వచ్చే ఉంటుందని తలుస్తాను.

నీ ఉత్తరం మీ అన్నయ్య ముందు పెట్టాను. చదివాడు. ఎప్పట్లాగే లేచి వాకిట్లోకి వెళ్ళబోయాడు. "ఈసారి వెళ్ళకు" అన్నాను. కూర్చున్నాడు. ఏం మాట్లాడుకున్నామో రాయను. ఈ శనివారం నేనొక్కదాన్నే వెళ్తానన్నాను. "నేనూ వస్తాను" అన్నాడు. "ఇన్నాళ్ళూ నువ్వొక్కడివే వెళ్ళావుగా" అన్నాను.

బస్సు దిగాక ఏటి దగ్గర చాలాసేపు నిలబడ్డాను. మోకాలి లోతు కూడా లేదు. ఇంత నీటిలోనా అనిపించింది.

అన్సెల్మా పెరట్లో కూర్చుని కర్రపెండలం కోరుతోంది. నన్ను చూసి చెయ్యి ఆగింది. మొహంలో మొదట వచ్చింది భయం. "క్లోవిస్‌కు ఏమైంది?" అంది.

"ఏమీ కాలేదు. బాగున్నాడు. నీకో మాట చెప్పాలని వచ్చాను."

కూతుళ్ళిద్దరినీ నీళ్ళకు పంపింది. పీట చూపించలేదు, నేను అడగలేదు. నిలబడే చెప్పాను. ఈల దగ్గర మొదలుపెట్టి డాక్టరు మాట దాకా. ఆమె మధ్యలో ఒక్కసారి కూడా తల ఎత్తలేదు. కోరుతూనే ఉంది. దుంప అయిపోయి వేళ్ళు తగులుతున్నాయని నేనే చూశాను. "అన్సెల్మా, వేళ్ళు" అన్నాను. అప్పుడు ఆపింది.

"నీ మీద అనుమానంతో చేశాను" అన్నాను. "నీ తప్పు ఏమీ లేదు. నేను అనుమానించాను, అంతే."

తిడుతుందనుకున్నాను, కత్తి పక్కనే ఉంది, దాని గురించి కూడా ఆలోచించాను. చివరికి అడిగింది.

"ఆ మధ్యాహ్నం మీరేం తిన్నారు?"

నాకు అర్థం కాలేదు.

"నాలుగు గంటలప్పుడు. ఆయన ఏట్లో దిగినప్పుడు. మీ ఇంట్లో ఏం జరుగుతోంది? ఏం తిన్నారు?"

అబద్ధం చెప్పాలనిపించింది. చెప్పలేదు. "కాల్చిన సీమపనస. ఉప్పుచేప. నాకు తగ్గిందని చెప్పాను. ఆయన నాకు తినిపించాడు. చాలా వేడిగా ఉండి నోరు కాలింది. ఇద్దరం నవ్వుకున్నాం."

ఆమె తల ఊపింది. "పదహారు... కాదు, పద్దెనిమిది నెలలు. ఆ నాలుగు గంటల వేళ మీ ఇంట్లో ఏం జరుగుతోందా అని ప్రతిరోజూ అనుకున్నాను. నువ్వు మంచం మీద మెలికలు తిరుగుతున్నావనుకున్నాను. నీకూ నొప్పి, ఆయనకూ నొప్పి. ఇద్దరూ ఒక్క వేళే బాధపడ్డారనుకుంటే నాకు కాస్త ఊరటగా ఉండేది. అది కూడా లేదన్నమాట."

 

వెళ్ళిపొమ్మంటుందని నిలబడే ఉన్నాను. ఆమె లేచి చేతులు కడుక్కుంది. వేలి నుంచి రక్తం కారుతోంది, గుడ్డ చుట్టుకుంది. పారను నా ముందు పడేసింది. ఇవ్వలేదు, పడేసింది. "కొండ పక్క మడి మిగిలింది. పెండలానికి గట్లు వెయ్యాలి. క్లోవిస్ ఈ వారం వేస్తానన్నాడు."

పెళ్ళయ్యాక పార పట్టలేదు నేను. గంటకే అరచేతులు పొక్కాయి. ఆమె పక్క మడిలో గడ్డి కోస్తూ ఉంది. కూతుళ్ళు నీళ్ళతో వచ్చి, నన్ను చూసి గుసగుసలాడుకున్నారు. చిన్నది వాళ్ళమ్మ మోచేయి దాకా వచ్చింది, భుజం దాటడానికి ఇంకా నాలుగైదేళ్ళు పడుతుంది. మధ్యాహ్నం ముగ్గురూ చెట్టు కింద తిన్నారు. నన్ను పిలవలేదు. పెద్దది మాత్రం వాళ్ళమ్మ వైపు చూసి, ఆమె కాదనకపోయేసరికి, ఒక కాల్చిన దుంప తెచ్చి గట్టు మీద పెట్టి పరిగెత్తింది. తిన్నాను.

సాయంత్రానికి ఏడు గట్లు వేశాను. వంకరగా ఉన్నాయి. ఆమె వచ్చి చూసింది, మూడో గట్టును కాలితో సరిచేసింది. పారను గోడకు ఆనించి నేను బయల్దేరాను. వంట పొయ్యి దగ్గర వంగి ఉన్న మనిషి నా వైపు తిరగకుండానే పిలిచింది. పేరు పెట్టి పిలవలేదు.

"ఇదిగో. పై శనివారం కొండల్లో మబ్బు పడితే బస్సెక్కొద్దు, ఇద్దరిలో ఎవరూ. ఏరు దాటొద్దు."

వెర్లీనా